మూడక్షరాలు కొడితే లిస్టులో ఏం మిగులుతుంది?

ఆన్‌లైన్ ఫారంలో ఊరి పేరు అడిగే గడి దగ్గర మూడక్షరాలు కొట్టగానే కింద ఏడెనిమిది పేర్లతో లిస్టు తెరుచుకుంటుంది. కావలసిన పేరు నొక్కి తరవాతి గడికి వెళ్లిపోతాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గ్రామాలు 6 లక్షల 40 వేలకు పైగా ఉన్నాయి. ఆ ఏడెనిమిది పేర్లు మన ముందుకు వచ్చేలోపు లక్షల పేర్లు పక్కకు తప్పుకున్నాయన్నమాట. ఏవి ఉండాలి, ఏవి పోవాలి, ఉన్నవాటిలో ఏది పైన నిలవాలి అన్న మూడు నిర్ణయాలూ కనురెప్ప పడేంతలో జరిగిపోయాయి. ఈ పనిని సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆటోకంప్లీట్ ఫిల్టరింగ్ అంటారు. మనం వడపోత అనుకుందాం.

కనిపించిన లిస్టు గురించి ఎవరైనా మాట్లాడతారు. నాకు కనిపించని పేర్ల గురించే బెంగ. తన ఊరు లిస్టులో రానప్పుడు చాలామంది కంప్యూటర్‌ని తప్పుపట్టరు. స్పెల్లింగ్ తప్పు కొట్టామేమో అనుకుంటారు, మా ఊరు ఇందులో ఎక్కలేదేమో అనుకుంటారు. పింఛను దరఖాస్తో, పిల్లల స్కాలర్‌షిప్పో అక్కడే ఆగిపోతుంది. స్పెల్లింగ్ సరిచూసుకునే భారం టైపు చేసేవాళ్ల మీద పడకూడదు. దాన్ని వడపోతే మోయాలి. అలా మోయించడానికి కావలసిన విద్య చాలావరకు ఎప్పటినుంచో మన చేతిలో ఉంది.

సగం కొడితే మిగతాది కంప్యూటర్ పూరించడం వెబ్ కంటే పాత ఆలోచన. అమెరికాలో బీబీఎన్ అనే సంస్థ తయారుచేసిన టెనెక్స్ ఆపరేటింగ్ సిస్టంలో, అంటే 1970ల నాటికే, కమాండు సగం కొట్టి ఎస్కేప్ మీట నొక్కితే మిగతా సగం తనే వచ్చేది. వెబ్‌లో వెతికేవాళ్లకు ఈ సౌకర్యం 2004 డిసెంబరులో కనిపించింది. గూగుల్ ఇంజనీరు కెవిన్ గిబ్స్ చేసిన 'గూగుల్ సజెస్ట్' అప్పుడు బయటికొచ్చింది. పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా, ఒక్కో అక్షరానికీ సర్వర్‌ని అడిగి లిస్టు మార్చడం చూసి వెబ్ పనివాళ్లే ఆశ్చర్యపోయారు. ఇప్పుడది ప్రతి ఫారంలోనూ ఉంది.

లక్షల పేర్లలో వెతకడం కంప్యూటర్‌కి పెద్ద కష్టమేమీ కాదు. పేర్లన్నీ అకారాది క్రమంలో పేర్చి ఉంటే 'కర'తో మొదలయ్యేవన్నీ ఒక్కచోటే వరసగా ఉంటాయి. ఆ వరస ఎక్కడ మొదలైందో పట్టుకుంటే చాలు. నడిమి పేరు చూసి, మనకు కావలసినది ముందు సగంలో ఉందా వెనక సగంలో ఉందా తేల్చుకుని, మిగిలిన సగంలో మళ్లీ నడిమి పేరు చూడాలి. ఇలా సగం సగం కొట్టేస్తూ పోతే 6 లక్షల 40 వేల పేర్లలో కూడా 20 పోలికల్లో పని అయిపోతుంది.

ఇంకో పద్ధతి ట్రై. రెనె ద లా బ్రియాందె 1959లో ఈ ఆలోచన చెప్పాడు. 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ దానికి ఆ పేరు పెట్టాడు. కాజీపేట జంక్షన్లో పట్టాలు విడిపోయినట్టు ఒక్కో అక్షరం దగ్గర దారులు చీలుతాయి. 'క' దగ్గర బయలుదేరి 'ర' వైపు మలుపు తిరిగితే కరీంనగర్, కర్నూలు, కరప అన్నీ ముందున్న దారిలోనే దొరుకుతాయి. మలుపు తిరగని వైపున్న ఊళ్లను కంప్యూటర్ తాకనైనా తాకదు.

చిక్కంతా నెట్‌వర్క్ దగ్గర. కంప్యూటర్ స్పందన సెకనులో పదో వంతు లోపు వస్తే మనిషికి అది తక్షణమే జరిగినట్టు అనిపిస్తుంది. రాబర్ట్ మిల్లర్ 1968లో, జాకబ్ నీల్సన్ 1993లో చెప్పిన ఈ లెక్కనే ఈ రంగంలో అందరూ పట్టుకుంటారు. కానీ పల్లెలో ఫోన్ నుంచి అడిగిన ప్రశ్న సర్వర్‌కి చేరి జవాబు వెనక్కి రావడానికే అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. అందుకని ప్రతి అక్షరానికీ సర్వర్‌ని అడగరు. వేలు ఆగిందా లేదా అని సెకనులో నాలుగో వంతో, కాస్త అటూ ఇటో చూసి, ఆగాకే అడుగుతారు. దీన్ని డిబౌన్స్ అంటారు.

అయినా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. కర్నూలు కావలసిన ఆవిడ 'కర' కొట్టి కాస్త ఆగింది. ఒక ప్రశ్న వెళ్లింది. తరవాత 'కర్నూ' దాకా కొట్టింది. రెండో ప్రశ్న వెళ్లింది. రెండోదానికి జవాబు ముందు వచ్చి తెర మీద కర్నూలు కనిపించింది. ఆవిడ వేలు నొక్కబోతున్న క్షణంలో, దారిలో ఆలస్యమైన మొదటి జవాబు వచ్చి లిస్టుని మార్చేసింది. ఇప్పుడు పైన ఉన్నది కరీంనగర్. వేలు దాని మీదే పడింది. ఆవిడ చూసుకోలేదు. ఫారం వెళ్లిపోయింది. కొత్త ప్రశ్న పంపేటప్పుడు పాతదాన్ని రద్దు చేయడానికి బ్రౌజర్లలో ఏర్పాటు ఉంది. గడిలో ఇప్పుడున్న అక్షరాలకు సంబంధించిన జవాబు కాకపోతే పక్కన పెట్టెయ్యడం ఇంకా తేలిక. రెండు మూడు లైన్ల కోడు. అది రాయకపోవడం వల్ల తప్పు ఊరు నమోదైతే ఆ మనిషి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో ఆలోచిస్తే, ఆ లైన్లు రాయకుండా వదిలేయడానికి మనసొప్పదు.

పేరు మొదట్లోనే వెతకాలా, మధ్యలో కూడా వెతకాలా? చాలా ఫారాలు మొదటి అక్షరాల నుంచే పోలుస్తాయి. మన ఊళ్ల పేర్లకు ఇది సరిపోదు. పెద, చిన, కొత్త, పాత అని ముందు చేరుతుంటాయి. ఊరివాళ్లు మాటల్లో ఆ ముందుభాగం వదిలేసి పిలుచుకోవడమూ ఉంది. పెదకూరపాడు అని లిస్టులో ఉంటే 'కూరపాడు' కొట్టినవాళ్లకు అది దొరకాలి కదా! పోనీ మధ్యలో ఎక్కడున్నా పట్టుకుందామంటే 'పాలెం', 'పల్లి', 'పేట' కొట్టినప్పుడు వేల ఊళ్లు మీద పడతాయి. అందుకే మంచి వడపోత రెండూ చేసి, వరసలో తేడా చూపిస్తుంది. కొట్టిన అక్షరాలతోనే మొదలయ్యేవి పైన, మధ్యలో ఉన్నవి వాటి కింద. ఫారం నింపుతున్న మనిషి అప్పటికే జిల్లా ఎంచుకుని ఉంటే ఆ జిల్లావి అన్నిటికంటే పైన.

ఎన్ని చూపించాలన్నదానికి వెబ్ పేజీల ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్ ఒక సూచన చేసింది. లిస్టు పెద్దదైనప్పుడు నాలుగు నుంచి ఏడు పేర్లకు పరిమితం చేయడం సమంజసమే అంటుంది. కచ్చితమైన హద్దు మాత్రం పెట్టలేదు. పేరు ఒకటే అయిన ఊళ్ల సంగతి దానికి తెలియదు మరి. ఇబ్రహీంపట్నం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, రంగారెడ్డి జిల్లాలో ఉంది, జగిత్యాల జిల్లాలోనూ ఉంది. లిస్టులో మూడుసార్లు ఇబ్రహీంపట్నం అని మాత్రమే వస్తే ఏది నొక్కాలి? పేరు పక్కనే మండలం, జిల్లా చిన్న అక్షరాల్లో ఉండి తీరాలి.

ఇక ఇంగ్లీషు అక్షరాల్లో మన పేర్లు. వడపోత ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. లక్ష్మి అని రాసేటప్పుడు కొందరు మధ్యలో కె, ఎస్, హెచ్ మూడూ పెడతారు, కొందరు ఒక్క ఎక్స్‌తో రాసేస్తారు. వనపర్తికి కొందరు డబ్ల్యూ వాడతారు, కొందరు వి వాడతారు. చివరి 'తి'కి టి తరవాత హెచ్ చేర్చేవాళ్లు, చేర్చనివాళ్లు, ఐ పెట్టేవాళ్లు, వై పెట్టేవాళ్లు. ఇందులో ఎవరూ తప్పు రాయడం లేదు. తెలుగు ధ్వనికి ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగ్ అని ఎవరూ శాసనం చేయలేదు.

ఇలాంటి చిక్కు అమెరికాకూ వచ్చింది. రకరకాల దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఇంటిపేర్లను గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్నారు. పిట్స్‌బర్గ్‌కి చెందిన రాబర్ట్ రస్సెల్ 1918లో సౌండెక్స్ అనే పద్ధతికి పేటెంట్ పొందాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో దాని పని ఇలా ఉంటుంది. పేరులో మొదటి అక్షరం ఉంచి, తరవాతి అచ్చులు తీసేయాలి. దగ్గర దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇవ్వాలి. బి, పి, ఎఫ్, వి లకు 1. సి, జి, జె, కె, ఎస్, ఎక్స్ వగైరాలకు 2. ఎం, ఎన్ లకు 5. పక్కపక్కనే ఒకే అంకె వస్తే ఒక్కసారే రాయాలి. లక్ష్మిని మూడక్షరాల 'క్ష'తో రాసినా ఎక్స్‌తో రాసినా సౌండెక్స్‌లో ఎల్250 అనే వస్తుంది. నూరేళ్ల కిందటి అమెరికా పద్ధతి మన లక్ష్మిని గుర్తుపట్టింది! వనపర్తి దగ్గర మాత్రం తడబడుతుంది. మొదటి అక్షరాన్ని మార్చకుండా ఉంచుతుంది కాబట్టి ఒకటి డబ్ల్యూ516, ఇంకొకటి వి516 అవుతాయి. మనకు వి, డబ్ల్యూ రెండూ ఒకే 'వ' అని దానికి తెలియదు.

రెండో దారి వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ అనే సోవియట్ గణితవేత్త 1965లో చూపించాడు. ఒక మాటని ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు తీయాలి, చేర్చాలి, మార్చాలి అని లెక్కపెట్టి ఆ సంఖ్యను దూరంగా భావించాలి. వేలు జారి పక్క మీట తగిలిన తప్పులను పట్టడానికి ఇది బాగా పనికొస్తుంది. మన పేర్ల మీద ప్రయోగిస్తే ఏమవుతుందో చూడండి. లక్ష్మి రెండు స్పెల్లింగుల మధ్య దూరం 3. కె బదులు ఎక్స్ పెట్టి, ఎస్, హెచ్ రెండూ తీయాలి కదా. నెల్లూరుకూ తమిళనాడులోని వేలూరుకూ ఇంగ్లీషు స్పెల్లింగుల్లో దూరం 1. మొదటి ఎన్ తీసి వి పెడితే చాలు. ఒకే మనిషి పేరేమో దూరం, రెండు రాష్ట్రాల్లో ఉన్న రెండు ఊళ్లేమో పక్కపక్కన. దూరం 2 వరకు చూపించమని నియమం పెడితే లక్ష్మి దొరకదు, వేలూరు మాత్రం వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి అరువు తెచ్చుకున్న సూత్రం ఒక్కటే సరిపోదు. తెలుగు నోటికి ఏవి ఒకటో తెలిసినవాళ్లు కూర్చుని నియమాలు రాయాలి. డబ్ల్యూ అంటే వి. టి పక్కన హెచ్ ఉన్నా లేకపోయినా ఒకటే. రెండు ఈలు అంటే ఐ, రెండు ఓలు అంటే యు. ఎక్స్ అంటే 'క్ష'. చివరి వై అంటే ఐ. పక్కపక్కనే రెండుసార్లు వచ్చిన హల్లు ఒక్కటిగా లెక్క. ఇలా కుదించిన రూపాన్ని ప్రతి ఊరి పేరుకూ ముందే తయారుచేసి లోపల దాచుకోవాలి. మనిషి కొట్టినదాన్ని కూడా అదే విధంగా కుదించి, కుదించిన వాటినే పోల్చాలి. తెర మీద చూపించేది మాత్రం అసలు పేరే. ఇందులో కొత్త ఇబ్బంది లేకపోలేదు. కుదించడం మితిమీరితే వేర్వేరు ఊళ్లు కలిసిపోతాయి. ఆ కలిసినవాటిలో అచ్చంగా కొట్టిన స్పెల్లింగ్‌కి సరిపోయేది పైన పెడితే చాలావరకు సర్దుకుంటుంది. నా ఉద్దేశంలో ఒక పేరు ఎక్కువ చూపించడం చిన్న తప్పు. ఉండాల్సిన పేరు మాయం చేయడం పెద్ద తప్పు.

కొన్నిటికి ఏ సూత్రమూ పనికిరాదు. విజయవాడ రైల్వే కోడ్ బీజెడ్‌ఏ. బెజవాడ అన్న పాత పేరు నుంచి వచ్చింది. కాకినాడ టౌన్‌ది సీసీటీ. బ్రిటిష్ వాళ్లు కాకినాడను సి తో రాసిన కాలం నాటిది. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది, జనం నోట్లో రాజమండ్రే ఉంది. విశాఖపట్నాన్ని వైజాగ్ అనేవాళ్లే ఎక్కువ. ఇవన్నీ ధ్వనితో కలిసేవి కావు. ప్రతి ఊరి పక్కనా 'ఇంకో పేరు' అని ఒక వరస పెట్టి, చేత్తో రాసి పెట్టాల్సిందే.

ఇంగ్లీషు ఎందుకు, తెలుగులోనే కొడితే ఈ గొడవ ఉండదు కదా అనిపిస్తుంది. స్పెల్లింగ్ గొడవ చాలావరకు తీరుతుంది, నిజమే. కంటికి కనిపించని గొడవ మొదలవుతుంది. యూనికోడ్‌లో మనం ఒకే అక్షరంగా చూసేది లోపల ముక్కలుగా ఉంటుంది. 'శ్రీ' అంటే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అని నాలుగు సంకేతాలు. 'శ్రీకాకుళం' మొత్తానికి పది.

'మైలవరం' చూడండి. 'మై'లో ఐత్వాన్ని ఒకే సంకేతంతో రాయవచ్చు. లేదా ఎత్వం ఒకటి, దాని కిందికి వచ్చే ఐత్వపు తోక ఒకటి, ఇలా రెండు సంకేతాలతోనూ రాయవచ్చు. తెర మీద రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. డేటాబేసులో ఒక రకం ఉండి, ఫోన్ కీబోర్డు ఇంకో రకం పంపితే, పోల్చే కోడు రెండూ వేరని తేల్చేస్తుంది. 'మైలవరం' కొడుతున్నారు, లిస్టులో మైలవరం ఉంది, అయినా రావడం లేదు! దీనికి మందు యూనికోడే ఇచ్చింది. రెండు రకాలనూ పోల్చే ముందు ఒకే రూపంలోకి తేవాలి. నార్మలైజేషన్ అంటారు. వేర్వేరు కీబోర్డుల వల్ల వచ్చే ఇలాంటి తేడాలు పోలికకు అడ్డం రాకుండా ఈ పని చేయాలని హెచ్‌టీఎంఎల్ ప్రమాణం కూడా చెబుతోంది.

'మహబూబ్‌నగర్' ఇంకా తమాషా. 'బ్' తరవాత 'న' ఆ పొల్లుకు వత్తుగా అతుక్కుపోకుండా ఉండటానికి మధ్యలో ఒక కనిపించని సంకేతం పెడతారు. జీరో విడ్త్ నాన్ జాయినర్ దాని పేరు. కొన్ని కీబోర్డుల్లో అది తేలిగ్గా దొరకదు. అది లేకుండా కొడితే 'మహబూబ్నగర్' అని పడుతుంది. మనిషి రెండిటినీ ఒకేలా చదువుకుంటాడు. కంప్యూటర్‌కి ఒకదానిలో ఒక సంకేతం ఎక్కువ, అంతే, సరిపోలలేదు. పైన చెప్పిన నార్మలైజేషన్ ఈ కనిపించని సంకేతాన్ని తీసేయదు. పోల్చే ముందు విడిగా తీసేయాలి. 'కరీంనగర్'ని 'కరీమ్‌నగర్' అని రాసేవాళ్ల కోసం సున్నా, 'మ్' ఒకటేనన్న నియమం కూడా చేర్చుకుంటే మంచిది.

మరొకటి కంటికే కనిపిస్తుంది. కొట్టిన అక్షరాలను లిస్టులో బొద్దుగా చూపించడం ఇప్పుడు అలవాటు. ఇంగ్లీషులో ఇబ్బంది లేదు. తెలుగులో 'క' కొట్టినప్పుడు 'కాకినాడ'లో మొదటి సంకేతం వరకే బొద్దు చేస్తే దాని దీర్ఘం విడిపోవచ్చు. అప్పుడు 'క' ఒకచోట, దాని పక్కన చుక్కల వలయం మీద అనాథగా వేలాడే దీర్ఘం. పేరు చదవడానికే రాదు. బొద్దు చేసేటప్పుడు సంకేతాల లెక్కన కాకుండా పూర్తి అక్షరం లెక్కన కొయ్యాలి. పోల్చేటప్పుడు మాత్రం సంకేతాల లెక్కే మంచిది. ఎందుకంటే 'క' కొట్టిన మనిషి ఇంకా 'కా' దాకా రాలేదేమో.

ఒక గడిలో ఎంచుకున్నదాన్ని బట్టి ఇంకో గడిలో లిస్టు కుదించడం వడపోతలో మరో రకం. జిల్లా ఎంచుకుంటే ఆ జిల్లా మండలాలే, మండలం ఎంచుకుంటే ఆ మండలం గ్రామాలే. చాలా సుఖం. కానీ మనుషులు ఫారాన్ని పైనుంచి కిందికి ఒకే ఊపులో నింపరు. వరంగల్ జిల్లా, అందులో మండలం ఎంచుకుని, పొరపాటు గమనించి జిల్లాను ములుగుకు మార్చారనుకోండి. మండలాల లిస్టు కొత్తగా కుదిరింది. ముందు ఎంచుకున్న పాత మండలం మాత్రం గడిలో అలాగే కూర్చుంది. ములుగు జిల్లాలో లేని మండలంతో దరఖాస్తు వెళుతుంది. జిల్లా మారగానే మండలం గడి ఖాళీ చేసి, ఖాళీ చేశామని చెప్పాలి.

దీనికి తలకిందులైన చిక్కు పాత రికార్డులది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కాకినాడలో ఉండే ఒకాయన రికార్డులో అంతకుముందు తూర్పు గోదావరి జిల్లా అని ఉంది. ఆయన ఫోన్ నంబరు మార్చుకోవడానికి ఫారం తెరిచాడు. జిల్లా తూర్పు గోదావరి కాబట్టి ఫారం ఇప్పటి తూర్పు గోదావరి మండలాలే తెచ్చింది. కాకినాడ వాటిలో లేదు. మండలం గడి ఖాళీగా తెరుచుకుంది. ఆయన గమనించకుండా సేవ్ నొక్కితే ఉన్న సమాచారం కూడా పోయింది. ఫోన్ నంబరు మార్చుకోబోయి ఊరు పోగొట్టుకున్నాడు. కొత్తగా ఎంచుకునేవాళ్లకు కొత్త లిస్టు చూపించాలి. ఇదివరకే ఉన్న విలువను మాత్రం లిస్టులో లేకపోయినా నిలబెట్టి, ఇది పాతది, మార్చుకోండి అని పక్కన చెప్పాలి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒక ప్రత్యేక కోడ్ ఉంది. రికార్డులో పేరు బదులు ఆ కోడ్ దాచుకుంటే జిల్లాల పేర్లు మారినా ఊరు చేజారదు.

వడపోత తాళం కాదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. కొన్ని ఫారాల్లో సర్వర్ మొత్తం లిస్టు పంపేస్తుంది, బ్రౌజర్ అందులో కొన్నిటిని దాచి కొన్ని చూపిస్తుంది. దాచినవి పేజీ లోపల ఉండనే ఉంటాయి, చూడటం తెలిసినవాళ్లకు కనిపిస్తాయి. ఒక విభాగం ఉద్యోగుల పేర్లే చూపించాలనుకుంటే మిగతా పేర్లు సర్వర్ దాటి రాకూడదు. ఫారం తిరిగి వచ్చాక కూడా, ఎంచుకున్నది అసలు ఆ మనిషికి అనుమతించిన వాటిలో ఉందా అని సర్వర్ మళ్లీ చూసుకోవాలి.

చూపు లేనివాళ్లకు లిస్టు తెరుచుకున్న సంగతే తెలియకపోవచ్చు. తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి ఇక్కడ లిస్టు వచ్చింది, ఇందులో ఐదు పేర్లున్నాయి, ఇప్పుడు మూడోదాని మీద ఉన్నారు అని కోడు విడిగా చెప్పాలి. దీనికి వెబ్ కన్సార్టియం ప్రమాణాలు సిద్ధంగా ఉన్నాయి. తయారు చేసినవాళ్లు ఒకసారి కళ్లు మూసుకుని, మౌస్ పక్కన పెట్టి తమ ఫారం తామే నింపి చూస్తే ఎక్కడ లోపముందో తెలిసిపోతుంది.

ఇన్ని చేసినా కొందరికి ఖాళీ లిస్టు వస్తుంది. అప్పుడు 'ఫలితాలు లేవు' అని ఊరుకునే ఫారాలే ఎక్కువ. దాని బదులు 'మా ఊరు ఇక్కడ లేదు' అని ఒక దారి ఉంచి, పేరు స్వయంగా రాయనివ్వాలి. ఖాళీ లిస్టు తెచ్చిపెట్టిన మాటలన్నిటినీ, ఎవరు కొట్టారన్నది వదిలేసి, మాటల వరకే దాచుకోవాలి. వారానికోసారి ఆ ప్రాంతం తెలిసిన మనిషి వాటిని చదివితే ఏది పాత పేరో, ఏది వాడుక పేరో, ఏది సున్నా తేడాయో, ఏది నిజంగానే డేటాబేసులో ఎక్కని తండాయో చెప్పగలుగుతారు. పాత పేర్లు, వాడుక పేర్లు 'ఇంకో పేరు' వరసలో చేరతాయి. ఎక్కని తండా పేరు జిల్లా ఆఫీసుకు వెళుతుంది.